పాత స్పిన్నింగ్ రీలు: బాగుచేస్తే ధర పెరుగుతుందా, తగ్గుతుందా?

చేపల గాలపు కర్రకు తగిలించి దారం చుట్టే స్పిన్నింగ్ రీళ్లు, ఒకే మోడల్‌వి, మూడు అమ్మకానికి వచ్చాయనుకుందాం. మొదటిది అటక మీంచి దించినట్టే ఉంది: అట్టపెట్టె, కాగితాలు, స్పూలు (దారం చుట్టుకునే ఉండ) మీద పసుపెక్కిన నైలాన్ దారం అన్నీ ఉన్నాయి, హ్యాండిల్ మాత్రం మొరాయిస్తోంది. రెండోదాన్ని విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించారు. రంగు అక్కడక్కడ లేచిపోయింది కానీ హ్యాండిల్ సాఫీగా తిరుగుతోంది. మూడోదానికి కొత్త రంగు వేశారు, కొత్త బేరింగులు ఎక్కించారు, ధగధగ మెరిసిపోతోంది. పడిన శ్రమ లెక్కన మూడోది ఎక్కువ పలకాలి. చాలాసార్లు ఎక్కువ పలికేది మొదటిదే.

కారణం రీలులో లేదు, కొనేవాళ్లలో ఉంది. ఈ బేరంలో రెండు రకాల మనుషులు పక్కపక్కనే నిలబడి ఉంటారు. ఒకరు సేకరించేవారు. ఫ్యాక్టరీ గడప దాటిన రోజున రీలు ఎలా ఉందో దానికి వీలైనంత దగ్గరగా ఉండాలి వారికి. మధ్యలో ఎన్ని తక్కువ చేతులు పడితే అంత మంచిది. రెండోవారు దాన్ని గాలపు కర్రకు తగిలించి చేపలు పట్టేవారు. రంగు పోయినా, పెట్టె లేకపోయినా వారికి పట్టదు. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే ఏర్పాటు, కుదుపు లేకుండా జారాలి. బెయిల్, అంటే దారాన్ని అందుకునే తీగ, ప్రతిసారీ మూసుకోవాలి. అంతే. మరమ్మతు మొదటివారి దృష్టిలో వస్తువు విలువను తగ్గిస్తుంది, రెండోవారి దృష్టిలో పెంచుతుంది. తాము ఎవరికి అమ్ముతున్నామో తేల్చుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునేవారే ఈ రంగంలో ఎక్కువగా నష్టపోతారు.

అసలు ఈ యంత్రం ఇంతకాలం ఎలా నిలిచిందో చూస్తే ధరల సంగతి సగం అర్థమవుతుంది. స్పిన్నింగ్ రీలులో స్పూలు తిరగదు. గాలం విసిరినప్పుడు దారం స్పూలు ముందు అంచు మీంచి చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. లాగేటప్పుడు స్పూలు చుట్టూ ఉండే రోటరు తిరుగుతూ దారాన్ని మళ్లీ స్పూలుకు చుడుతుంది. ఈ ఆలోచనకు 1905లో పేటెంటు తీసుకున్న ఆల్ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ ఉన్ని మిల్లులకు పేరుపడ్డ ఇంగ్లండ్ పట్టణం బ్రాడ్‌ఫర్డ్ మనిషి. దారపు ఉండ కొస నుంచి నూలు ఎంత తేలిగ్గా జారుతుందో ఆ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1930లలో హార్డీ సంస్థ ఆల్టెక్స్ రీలుతో పూర్తి బెయిల్‌ను, అంటే దారాన్ని దానంతటదే అందుకునే తీగను, ప్రచారంలోకి తెచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నైలాన్ దారం చేతికి రావడంతో ఈ రీళ్లకు ఎదురులేకుండా పోయింది.

ఆ తరం రీళ్లలో పేరుపడ్డ రెండింటి పుట్టిల్లు గడియారాల పరిశ్రమే. మిచెల్ రీళ్లు చేసిన కార్పానో అండ్ పోన్స్ ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో క్లూజ్ అనే ఊళ్లో ఉండేది. ఆ లోయంతా గడియారపు భాగాలు చేసే పనివాళ్లే. స్వీడన్‌లోని స్వెంగ్‌స్టాలో 1921లో మొదలైన అబు సంస్థ పేరులోనే గడియారాల ఫ్యాక్టరీ అన్న మాట ఉంది. వాళ్లు రీళ్ల కంటే ముందు టాక్సీ మీటర్లు చేశారు. చిన్న పళ్లచక్రాలను ఖచ్చితంగా కోసి, మరలతో బిగించి, మళ్లీ విప్పడానికి వీలుగా పెట్టడం వాళ్లకు అలవాటైన విద్య. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1932లో పుట్టిన పెన్ సంస్థది వేరే దారి. ఉప్పునీటి వేటకు పనికొచ్చే మొరటు బలం వాళ్ల లక్ష్యం. కానీ అక్కడా భాగాలు లోహంవే, విప్పడానికి మామూలు పనిముట్లు చాలు. అందుకే యాభై అరవై ఏళ్ల కిందటి మిచెల్ 300నో, పెన్ 710నో, అబువారి కార్డినల్ 4నో ఈనాటికీ బల్ల మీద పరిచి బతికించవచ్చు. ఇటీవలి చవక రీళ్లలో చాలావాటిని విప్పి బాగుచేసే ఓపిక, విడిభాగాలు రెండూ ఎవరికీ ఉండవు.

ఇక్కడే మొదటి మెలిక ఉంది. మిచెల్ 300 లక్షల సంఖ్యలో తయారైంది కాబట్టి విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, బాగుచేయడమూ తేలిక. అదే కారణంగా బాగుచేసిన రీలుకు పెద్ద ధర రాదు. అరుదైన రీలుకు ధర వస్తుంది గానీ దాని బెయిల్ స్ప్రింగ్ ఒక్కటి విరిగితే దొరకడానికి ఏడాది పట్టవచ్చు. ఈ రెండు కొసల మధ్య ఉన్న సన్నని జాగాలోనే లాభం ఉంది. తక్కువ సంఖ్యలో ఉండి, ఇప్పటికీ వేటగాళ్లు అడిగే రీళ్లు అక్కడ ఉంటాయి. చిన్న వాగుల్లో సన్న దారంతో పట్టేవారికి కావలసిన అల్ట్రాలైట్ రీళ్లు అలాంటివి: మిచెల్ 308, దాని వేగమైన తోబుట్టువు 408, అబు కార్డినల్ 3, ఇటలీవారి ఆల్చెడో మైక్రాన్, పెన్ 716. అదే జాగాలో మరోవైపు సముద్రపు ఒడ్డున నిలబడి విసిరేవారు పట్టుబట్టి అడిగే పెన్ 706 ఉంది. దానికి బెయిలే ఉండదు, దారాన్ని వేలితో అందుకుని రోలరు (దారం పొర్లే చిన్న చక్రం) మీద వేసుకోవాలి. విరగడానికి తీగ లేదు, స్ప్రింగ్ లేదు. అలల్లో నిలబడేవారికి ఆ లేకపోవడమే పెద్ద సుగుణం.

పేర్ల చిక్కు

రెండో మెలిక పేర్లది, కొత్తగా కొనేవాళ్లను బాగా తికమక పెట్టేది ఇదే. కార్డినల్ రీలు ఒకదాని మీద జెబ్కో అని ఉంటుంది, ఇంకోదాని మీద అబు అని, మరోదాని మీద అబు గార్సియా అని. ఒకటి అసలు, మిగిలినవి నకిలీ అనుకుంటారు. కాదు. అబువారి ఆంబాసడర్ రీళ్లను (ఇవి స్పిన్నింగ్ రీళ్లు కావు, స్పూలే తిరిగే వేరే రకం) అమెరికాలో గార్సియా సంస్థ అమ్మేది. కానీ గార్సియా చేతిలో స్పిన్నింగ్ రీలుగా అప్పటికే మిచెల్ ఉంది. తన మిచెల్‌కు తానే పోటీ తెచ్చుకోదు కదా. అందుకని కార్డినల్ రీళ్లు అమెరికాలో జెబ్కో అనే వేరే సంస్థ పేరుతో వెళ్లాయి. తర్వాత గార్సియా దివాలా తీసింది, 1980లో అబు దాన్ని కొనుక్కుంది, అబు గార్సియా అన్న జంటపేరు వచ్చింది. అంటే 1970ల నాటి జెబ్కో కార్డినల్ 4 కూడా స్వీడన్‌లో తయారైన అచ్చమైన కార్డినలే. పాదం మీద, అంటే రీలును కర్రకు బిగించే భాగం మీద, స్వీడన్ తయారీ అన్న ముద్ర చూసుకుంటే చాలు. ఒకప్పుడు ఒకరినొకరు తరిమిన మిచెల్, అబు గార్సియా, పెన్ పేర్లు మూడూ ఇవాళ ఒకే కంపెనీ గొడుగు కింద ఉన్నాయి. వ్యాపారానికి జ్ఞాపకశక్తి తక్కువ.

పేరు చేతులు మారింది కాబట్టి పేరు ఒక్కటే చూసి కొనకూడదు. మిచెల్ 300 అన్న అంకె క్లూజ్‌తో సంబంధం లేని తర్వాతి కాలపు రీళ్ల మీదా కనిపిస్తుంది. పాత కార్డినల్ 3 రూపాన్ని అభిమానుల కోసం జపాన్‌లో మళ్లీ తయారు చేశారు. చక్కటి రీలే అది, కానీ 1970ల నాటిది కాదు. అమ్మేవారు అబద్ధం ఆడనక్కర్లేదు, తయారైన ఏడాది చెప్పకుండా ఊరుకుంటే చాలు. కాబట్టి క్రమసంఖ్యను, పాదం కింది ముద్రను అడగాలి. 1970ల మధ్య నుంచి వచ్చిన అబు రీళ్ల పాదం మీద చెక్కిన అంకెల్లో మొదటి రెండు సంవత్సరాన్ని, తర్వాతి రెండు నెలను చెబుతాయి. ఆ వరుస కనిపించే ఫొటో పంపమంటే నీళ్లు నమిలేవారితో బేరం అక్కడితో ఆపేయవచ్చు.

నకిలీల కంటే ఎక్కువగా ఎదురయ్యేవి అతుకుల బొంతలు. మూడు చెడిపోయిన రీళ్ల నుంచి ఒక మంచి రీలు కూర్చడం తప్పేమీ కాదు, మరమ్మతు అంటే చాలావరకు అదే. కానీ 1950ల నాటి ఒంటికి 1970ల నాటి స్పూలు, ఇంకో మోడల్ హ్యాండిల్ తగిలించి, వయసు మాత్రం ఒంటి లెక్కన చెబితే సేకరించేవారు మోసపోతారు. వేటగాడికి మాత్రం ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు, రీలు తిరుగుతోంది కదా.

మూత తీస్తే

ఫొటోల్లో బయటి మెరుపు కనిపిస్తుంది, ధరను తేల్చేది లోపలిది. పక్క మూత తీసి గేర్లు కనిపించేలా ఒక్క ఫొటో అడగడం మొహమాటపడాల్సిన కోరిక కాదు. నిజంగా బాగుచేసినవారి దగ్గర ఆ ఫొటో ముందే ఉంటుంది. దశాబ్దాలు కదలని రీలులో గ్రీజు గోధుమరంగు మైనంలా గడ్డకట్టి ఉంటుంది, గోటితో గీస్తే పెచ్చుగా లేస్తుంది. ఇది భయపడాల్సిన విషయం కాదు, మంచి సూచనే. ఎవరూ వేలు పెట్టలేదని, ఆ గడ్డ కింద పళ్లు తుప్పు పట్టకుండా ఉన్నాయని అర్థం కావచ్చు. హ్యాండిల్ బిగుసుకుపోయిన రీళ్లలో ఎన్నో ఈ ఒక్క జబ్బుతోనే చెడిపోయిన వాటి ధరకు పోతుంటాయి. పెన్, కార్డినల్, జర్మనీవారి డ్యామ్ క్విక్ లాంటి వాటిలో వార్మ్ గేరు ఉంటుంది. మరలాంటి ఇరుసు పళ్లచక్రాన్ని జారుతూ తిప్పే పద్ధతి ఇది. జారుడు మీద ఆధారపడింది కనుక గ్రీజు గడ్డకడితే ఇది మిగతావాటి కంటే ముందే మొరాయిస్తుంది. శుభ్రం చేస్తే ఆ నిశ్శబ్దమైన, బరువైన తిరుగుడు తిరిగొస్తుంది. దానికి మరిగినవారే వార్మ్ గేరు రీళ్లకు అదనంగా ఇస్తారు.

అనుమానించాల్సింది వేరే ఫొటోలను. మరల తలలు నలిగి, గాడి అంచులు చెదిరి ఉంటే సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఎవరో ముందే లోపలికి వెళ్లారని తెలిసిపోతుంది. అలాంటి చేతులు లోపల ఏ వాషరును తిరగేసి పెట్టాయో చెప్పలేం. రంగు కింద బుడగలు కనిపిస్తే ఉప్పునీటి కాటు. అల్యూమినియం లోపల్లోపల పొడిపొడిగా రాలుతూ ఉంటుంది, పైన ఎన్ని పూతలు వేసినా ఆగదు. పాదం అంచులు రాకి ఉంటే ఎవరో తమ కర్ర గూటికి పట్టించుకోవడానికి అలా చేశారన్నమాట. వేటకు ఇబ్బంది లేదు, సేకరణకు పనికిరాదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది లైన్ రోలరు, బఠాణీ గింజంత ముక్క. ఏళ్ల తరబడి దారం ఒకేచోట రాసుకుని దాని మీద సన్నని గాడి పడుతుంది. ఆ గాడి అంచు పెద్ద చేప లాగినప్పుడు కొత్త దారాన్ని కూడా కోసేస్తుంది. ఫొటోలో ఇది కనపడదు, కొన్నాక గోరు ఆనించి చూస్తే తగులుతుంది. రోలరు తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే గాడి పడటానికి కారణం కూడా తెలిసిపోయినట్టే. స్పూలు ముందు అంచు మీద చిన్న గాటు కూడా ఇలాంటిదే: విసిరిన ప్రతిసారీ దారం దాని మీదుగానే జారాలి. ధగధగలాడే రీళ్లను ఈ రెండు చోట్లా చూడకుండా అమ్మేవారు, కొనేవారు ఆశ్చర్యపోయేంత మంది ఉన్నారు.

డ్రాగ్ అంటే వాషర్ల దొంతర. ఫెల్టు, ఫైబరు, టెఫ్లాన్, లోహపు బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఉండి, మరను బిగించిన కొద్దీ రాపిడి పెరుగుతుంది. పాత మెత్తని బిళ్లలు ఎండి అతుక్కుపోతాయి. దారాన్ని చేత్తో నెమ్మదిగా లాగితే ముందు కదలదు, తర్వాత ఒక్కసారిగా కుదుపుతో వదులుతుంది. సన్న దారం తెగేది ఆ మొదటి కుదుపులోనే. బిళ్లలు మార్చడం తేలిక, ఖర్చూ తక్కువ. కార్బన్ బిళ్లలు వేస్తే ఫ్యాక్టరీ రోజుల కంటే మెరుగ్గా పనిచేస్తుంది. సేకరించేవారికి కూడా ఇది అభ్యంతరం కాకూడదు, పాత బిళ్లలను చిన్న సంచిలో వేసి రీలుతో పాటు ఇస్తే ఎప్పుడైనా వెనక్కి పెట్టుకోవచ్చు. మంచి మరమ్మతుకు నా కొలత ఇదే: చేసిన పనిని రేపు ఇంకొకరు వెనక్కి తిప్పగలగాలి.

బెయిల్ స్ప్రింగ్ ఎప్పుడో ఒకప్పుడు విరిగి తీరుతుంది, దాన్ని లోపంగా చూడక్కర్లేదు. తిప్పుతున్నప్పుడు స్పూలు అంచు రోటరుకు ఒకవైపు రాసుకుంటే మధ్య ఇరుసు వంగిందన్నమాట, దానికి దూరంగా ఉండటం మేలు. హ్యాండిల్‌ను వెనక్కి తిప్పితే కొంత ఆట ఉంటుంది. ఇది జబ్బు కాదు. ఇప్పటి రీళ్లలా అక్కడికక్కడే ఆగే రోలర్ క్లచ్ పాత రీళ్లలో లేదు, పంటికి పట్టే చిన్న కొక్కెం ఉంటుంది. అది తర్వాతి పన్ను దాకా వెళ్లాకే ఆగుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల వెనక్కి తిరిగొచ్చిన మంచి రీళ్లు చాలానే ఉంటాయి. మిచెల్ 300 విషయంలో ఇంకోటి: దాని హ్యాండిల్‌ను రెండో వైపుకు మార్చలేం. కుడిచేత్తో తిప్పాలనుకునేవారికి 301 అని వేరే రీలే చేశారు.

రంగు జోలికి వెళ్లాలా

ఇంతవరకు చెప్పినదంతా వెనక్కి తిప్పగల పని. రంగు అలా కాదు. పెన్ తొలినాటి స్పిన్‌ఫిషర్లు (ఆ సంస్థ స్పిన్నింగ్ రీళ్ల పేరు) ఆకుపచ్చ రంగులో వచ్చాయి, తర్వాత నలుపు వచ్చింది. ఆ పచ్చవాటిని కోరి వెతికేవారు ఉన్నారు. రాపిడికి మూలల్లో లోహం కనిపిస్తున్నా అసలు పూత అసలు పూతే. దాన్ని గీకి, ఎంత నైపుణ్యంతో అదే పచ్చ వేసినా సేకరించేవారి జాబితాలోంచి అది వెళ్లిపోయింది. అల్యూమినియాన్ని చక్రం మీద పెట్టి తళతళలాడేలా రుద్దడం ఇంకా ఘోరం. ఆనోడైజింగ్ పొర, అంటే అల్యూమినియం మీది రక్షణ పూత, పోతుంది, చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారతాయి, కొద్ది నెలల్లో వేలిముద్రలతో సహా మసకబారుతుంది. కొన్నవారు ఫోన్ చేసేది అప్పుడే.

అలాగని రంగు వేయడం పాపమేమీ కాదు. ఉప్పునీరు తిని, పూతంతా లేచిపోయిన పెన్ 710కి పౌడర్ కోటింగ్ వేయించి, కొత్త డ్రాగ్ పెట్టి, తనకు నచ్చిన నీలిరంగులో వాడుకునేవారిని నేను తప్పుపట్టను. ఆ రీలుకు సేకరణ విలువ ముందే లేదు కాబట్టి పోయేదీ లేదు. అమ్మేటప్పుడు మాత్రం అది అచ్చం ఫ్యాక్టరీ స్థితి అన్న అర్థం వచ్చే మాట వాడకూడదు. కొత్త రంగు, కొత్త డ్రాగ్, పాత గేర్లు, మార్చిన హ్యాండిల్ అని నాలుగు ముక్కలు విడివిడిగా రాస్తే కొనేవారు తమకు ఏది కావాలో తామే తేల్చుకుంటారు. బాగుచేశాం అని ఒక్క ముక్కలో తేల్చేసే ప్రకటనను నేనైతే పైపైన తుడిచి, బయటి నుంచి రెండు చుక్కల నూనె వేశారన్న లెక్కలోనే చదువుతాను. చాలాసార్లు జరిగేదీ అంతే.

ఇక లెక్కల సంగతి. ఒక రీలును పూర్తిగా విప్పి, కరుడుగట్టిన గ్రీజు కరిగించి, భాగాలు తనిఖీ చేసి, మళ్లీ బిగించడానికి చెయ్యి తిరిగినవారికి కూడా పూటలో మంచి భాగం పోతుంది. మిచెల్ 300 లాంటి అందరి దగ్గరా ఉన్న రీలుకు ఆ సమయానికి కూలి కట్టుకుంటే అమ్మే ధర సరిపోదు. అందుకే దీన్ని ఆదాయంగా చూసేవారు విడి రీళ్లు కొనరు. చనిపోయినవారి ఇంటి సామానులోంచో, మూతపడే దుకాణం లోంచో గంపగుత్తగా కొంటారు. మంచివాటిని శుభ్రం చేసి అలాగే అమ్ముతారు, మధ్యరకం వాటిని బాగుచేస్తారు, మిగిలినవాటిని విప్పి విడిభాగాలుగా అమ్ముతారు. చేదుగా అనిపించినా, కొన్ని మోడళ్ల స్పూలు, హ్యాండిల్, బెయిల్, రోలరు విడివిడిగా పలికే మొత్తం, కలిపి ఉంచిన రీలు కంటే ఎక్కువ. దీన్ని తిట్టేవారు ఉన్నారు. కానీ తిట్టేవారి రీళ్లు తిరుగుతున్నదీ అలా విప్పిన భాగాలతోనే.

అదనపు స్పూలు చేతికొస్తే దాన్ని రీలుతో కలిపి అమ్మాలా, విడిగానా అన్నది కూడా ఎవరికి అమ్ముతున్నామన్న దాని మీదే ఆధారపడుతుంది. పెట్టె, కాగితాలు, రెండో స్పూలు కలిసి ఉన్నప్పుడు సేకరించేవారు మూడింటి విడి ధరలకు మించి ఇస్తారు. వేటగాళ్లకు పెట్టె అక్కర్లేదు, స్పూలు కావాలి. కాలం కూడా చూసుకోవాలి. వేట మొదలయ్యే ముందు నెలల్లో వాడుక రీళ్లకు గిరాకీ లేస్తుంది, వేట ముగిశాక అవే చవకగా వస్తాయి. సేకరణ రీళ్లకు ఈ ఎత్తుపల్లాలు అంతగా ఉండవు.

పనిచేస్తుందో లేదో తెలియదు అని రాసి అమ్మే రీళ్ల గురించి ఒక మాట. హ్యాండిల్ తిప్పి చూడటానికి నిపుణత అక్కర్లేదు. అలా రాశారంటే తిప్పి చూశారనీ, నచ్చలేదనీ అనుకుని ధర కట్టడం క్షేమం. గేర్ల లోపల ఏమీ లేదనుకుని, స్పూలు, హ్యాండిల్, బెయిల్ విలువ వరకే ఇవ్వాలి. గడ్డకట్టిన గ్రీజు ఒక్కటే జబ్బని తేలితే అది కొన్నవారి అదృష్టం.

అమ్మకం కుదిరాక జరిగే నష్టం ఎక్కువగా రవాణాలోనే. ఎన్నో ఏళ్లు ఒంపు చెడని బెయిల్ తీగ మూడు రోజుల పార్సిల్ ప్రయాణంలో వంగిపోతుంది, దాంతో అది రోలరు దగ్గర దారాన్ని అందుకోవడం మానేస్తుంది. పంపేముందు హ్యాండిల్ విప్పి వేరుగా చుట్టాలి. బెయిల్ మూసి, దాని చుట్టూ మెత్తని కాగితం కూరి, స్పూలును డ్రాగ్ వదులు చేసి ఉంచాలి. పాత అట్టపెట్టె ఉంటే దాన్ని రీలుకు రక్షణగా వాడకూడదు, దానికే ఇంకో పెట్టె రక్షణ కావాలి. కొన్నవారు అందుకున్న రోజే దారం ఎక్కించకుండా ఖాళీ రీలును నెమ్మదిగా తిప్పి చూసి, రోలరుకు గోరు ఆనించి, డ్రాగ్ లాగి, తేడా ఉంటే వెంటనే ఫొటోతో చెప్పాలి. ఒకసారి నీళ్లలో దింపాక వాపసు అడిగితే ఏ అమ్మకందారూ ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా.